పిల్ల చెప్పిందని కట్టు కోసిన మనిషి

మీ తాత ఎలా బతికాడో చెప్పమంటారు. ఆయన నాన్న ఎంత కోపిష్టో చెప్పమంటారు. పెదతాత రెండు పెళ్ళిళ్ళ సంగతి వందసార్లు చెప్పించుకుని కడుపు పట్టుకుని నవ్వుతారు. అంతేగానీ ఆ గోడమీది ఫొటోలో చివర నిలబడి, కెమెరావాడి మీద కోపం వచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకున్న ఆడమనిషి ఎవరని ఇన్నేళ్ళలో ఒక్కరన్నా అడిగారా? అడగరు. మీకు అరిచినవాళ్ళు కావాలి, ఆస్తులు తగలేసినవాళ్ళు కావాలి. పొద్దున్నే టిఫిను డబ్బా పట్టుకుని పనికెళ్ళి, సాయంత్రం సుద్దలో ముంచినట్టున్న చెప్పులతో తిరిగొచ్చిన మనిషి కథలో ఏముంటుందిలే అని. సిగ్గుండాలి. ఆమె మీ తాతకి సొంత చెల్లెలు, మీ నాన్నకి మేనత్త. ఈ ఇంట్లో గోడెక్కి చెయ్యి విరగ్గొట్టుకోని వెధవ ఒక్కడూ లేడు. మీ నాన్న ఎడం చెయ్యితో సహా ఆ చేతులన్నిటికీ కట్టు వేసింది ఆమే. ఆ ఫోను అవతల పెట్టి వినండి.

ఆస్పత్రిలో ఆమెను కట్లమ్మ అనేవాళ్ళు. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. మూడంతస్తుల పెద్దాస్పత్రి అది. కింది వరండాలో ఎక్స్‌రే గది దాటి చివరిదాకా నడిస్తే పిండికట్లు వేసే గది వచ్చేది. మధ్యలో ఎత్తు బల్ల, దాని పక్కన గోరువెచ్చని నీళ్ళ బకెట్టు, గోడకి మేకుల మీద పెద్ద పెద్ద కత్తెరలు, ఒక మూల కట్టు కోసే కరెంటు రంపం. నేలంతా ఎండిపోయిన పిండి పొరలు. ఎంత కడిగినా ఆ తెలుపు పోదు. తొట్టి గొట్టం నెలకోసారి పూడుకుపోయేది, బాగుచేసేవాడు వచ్చి తిట్టుకుంటూ పోయేవాడు.

ఎనిమిదో తరగతిలో బడి మానేసి ఆస్పత్రిలో వరండాలు ఊడ్చే పనికి చేరింది. అప్పట్లో కట్లు వేసే ముసలాయనకి చేతులు వణకడం మొదలైంది. పిండి గుడ్డచుట్టలు నీళ్ళలో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచి, మెల్లగా నీళ్ళు పిండేసి అందించడానికి ఎవరైనా కావాలన్నాడు. చీపురు గోడకి ఆనించి వెళ్ళింది, మళ్ళీ చీపురు పట్టలేదు. ఆయన ఆమెకి నేర్పింది రెండే ముక్కలు. తడి కట్టుని అరచేత్తో నిమరాలి, వేళ్ళతో నొక్కితే నొక్కిన చోట లోపల పుండు పడుతుంది. రెండోది, కట్టు వేశాక వేళ్ళు చూడాలి. గోరు నొక్కితే తెల్లబడి, వదలగానే మళ్ళీ ఎర్రబడాలి. ఆయన వెళ్ళిపోయాక ఆ గది ఆమె చేతికొచ్చింది.

ఆమె మొగుడు గడియారాలు బాగుచేసేవాడు. బజారులో ఒక కొట్టు అరుగు మీద అద్దాల పెట్టె పెట్టుకుని, కంటికి భూతద్దం బిగించుకుని కూర్చునేవాడు. ఇంటి గోడలు పెచ్చులూడుతున్నాయని చుట్టాలెవరన్నా అంటే, "మా ఆవిడ చేతిలో ఉన్న సున్నమంతా ఊళ్ళో పిల్లకాయల మోచేతులకే సరిపోతుందండీ, మా గోడల దాకా రాదు" అనేవాడు. ఆమె నవ్వేది కాదు. ఆయన ఆ మాట మానేవాడూ కాదు.

ఇప్పుడు మీకు నచ్చని భాగం చెబుతాను. మనం మెచ్చుకునే మనిషి తప్పు చెయ్యలేదనుకోకండి. చేసింది.

గది ఆమె చేతికొచ్చిన మూడో ఏడు. నాలుగేళ్ళ పాప, మోచెయ్యి విరిగింది, పొద్దున కట్టు వేశారు, సాయంత్రానికి ఏడుస్తూ తీసుకొచ్చారు. తల్లి సిగ్గుపడిపోతోంది. ఇది ఇంట్లోనూ ఇంతేనండీ, దీని నోటికి మూత లేదండీ అంటోంది. డాక్టరు దూరం నుంచే చూసి మారాం అన్నాడు. కట్లమ్మకి ఆ రోజు పదిహేడు కట్లు. నడుము విరిగిపోతోంది. ఆ పాప వైపు వేలు చూపించి, ఇంకొక్కసారి ఏడ్చావంటే రెండో చేతికి కూడా కట్టేస్తానంది. పాప టక్కున నోరు మూసుకుంది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. తల్లి దణ్ణం కూడా పెట్టి వెళ్ళింది. ఆ పిల్ల ఆ రాత్రంతా ఏడవలేదట. పొద్దున చూసేసరికి వేళ్ళు నల్లబడి చల్లగా ఉన్నాయి. చెయ్యి తియ్యాల్సిన పని రాలేదు గానీ, వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి మళ్ళీ తెరుచుకోలేదు.

ఎవరూ ఆమెని ఒక్క మాట అనలేదు. కాగితాల మీద వాపు అని రాశారు. అదే ఆమెని తినేసింది. మూడు రోజులు అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. మొగుడు బతిమాలాడు, అన్నగారు కేకలేశాడు. నాలుగో రోజు వదినతో ఒకటే మాట అంది.

"కట్టు బిగిసినందుకు కాదొదినా. అది నాకు చెప్పింది. చెప్పిన నోరు నేనే మూయించాను."

ఆ తరవాత ఆమె పని చేసే తీరే మారిపోయింది. ఆ గదిలోకి వెళ్ళినవాళ్ళు మొదట వింతపడేవాళ్ళు, కొందరు చిరాకుపడేవాళ్ళు. తల్లి ఎదురుగా నిలబడి ఉన్నా సరే, పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని పిల్లనే అడిగేది. ఎలా పడ్డావు, ఎక్కడ నొప్పి, ఏ వేలు ముందు చూడమంటావు అని. తల్లులు ఊరుకుంటారా, మధ్యలో దూరి జవాబు చెబుతారు. ఒకావిడ అలాగే గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతుంటే, మీ చెయ్యి విరిగిన రోజున మిమ్మల్నే అడుగుతానమ్మా, ఇవాళ దీని వంతు, అని తల కూడా తిప్పకుండా అనేసింది. ఆవిడ మొహం మాడిపోయింది. పిల్ల మాత్రం ఏడుపు ఆపి కిసుక్కున నవ్వింది.

నొప్పి పుట్టదు అనే మాట ఆ గదిలో ఇంకెవరి నోటా రానిచ్చేది కాదు. నొప్పి పుడుతుంది, పది లెక్కపెట్టేలోగా అయిపోతుంది, పదికి కాకపోతే నేను ఆగుతాను, నువ్వు ఊపిరి తీసుకుని సరే అన్నాకే మళ్ళీ మొదలుపెడతాను అని చెప్పేది. అన్నట్టే పదికి ఆగేది. సగం చుట్టిన కట్టు చేత్తో పట్టుకుని, వెనక ఇరవై మంది వరసలో ఉన్నా, ఆగేది. పిండి ఆరేటప్పుడు వేడెక్కుతుంది కదా, ఆ సంగతి కూడా ముందే చెప్పేది. టీ గ్లాసు పట్టుకున్నంత వేడి, తరవాత చల్లబడుతుంది, బెదరకు అని. కట్టు కోసేటప్పుడు ఆ రంపం మోత వింటే పెద్దవాళ్ళకే గుండె జారుతుంది. ఆమె ముందు దాన్ని తన అరచేతికి ఆనించి చూపించేది, తరవాత మీట పిల్ల చేతికే ఇచ్చేది. ఆపాలనిపిస్తే నువ్వే ఆపు అనేది. ఆడపిల్లల గౌను చెయ్యి కత్తిరించాల్సి వస్తే ముందు దుప్పటి కప్పి, తలుపు వేసి, అడిగి కత్తిరించేది. నేర్చుకోవడానికొచ్చిన కుర్రడాక్టర్లు బల్ల చుట్టూ మూగితే, వీళ్ళు చూడొచ్చా అని పిల్లనడిగేది. పిల్ల వద్దంటే బయటికి పంపేసేది. కాబోయే డాక్టర్లు వరండాలో గోడకి ఆనుకుని నిలబడేవాళ్ళు, బడి ఎగ్గొట్టి దొరికిపోయిన వాళ్ళలాగా.

అన్నిటికంటే పెద్ద తద్దినం ఇంకోటుంది. కట్టు వేయించుకుని వెళ్ళే ప్రతి పిల్లకీ ఒక మాట చెప్పి పంపేది. తిమ్మిరెక్కినా, మండినా, బిగిసినట్టున్నా నా దగ్గరికొచ్చి చెప్పు, నేను నమ్ముతాను అని. ఇంకేం, రోజుకి నలుగురు వచ్చేవాళ్ళు. ఒకడికి దురద. ఒకతికి కట్టు మీద బొమ్మ గియ్యాలి. ఇంకొకడు ఊరికే, ఆమెని చూసి పోదామని. ప్రతి ఒక్కళ్ళ వేళ్ళూ చూసేది. దురద పిల్లాడి వేళ్ళు కూడా. తోటివాళ్ళు నెత్తీ నోరూ కొట్టుకునేవాళ్ళు.

ఆ పిచ్చి ఇంటికి కూడా మోసుకొచ్చేది. అన్నగారింటికి వస్తే, వదిన పిల్లల్ని బరబరా ఈడ్చుకెళ్ళి తలంట్లు పోస్తుంటే అడ్డం పడేది. వాణ్ణి అడిగావా వదినా, కళ్ళలో పడుతుందో ఏమో అని. అడిగితే ఏ పిల్లాడన్నా సరే పొయ్యమంటాడా? వదినకి ఒళ్ళు మండిపోయేది. మీ నాన్న పచ్చి దొంగ, అత్త వస్తోందంటే చాలు, ఒంట్లో నొప్పి లేని చోటు ఉండేది కాదు. వాడు అబద్ధమాడుతున్నాడని ఆమెకీ తెలుసు. అయినా కూర్చుని వాడు చూపించిన చోటల్లా నొక్కి చూసి, ఇక్కడేం లేదు నాన్నా, లేచి బడికి పో అనేది. వాడు గునుస్తూనే పోయేవాడు. వదిన చేత దెబ్బలు తిని పోవడం కంటే అది నయమే అనుకోండి. ఆ మాట వదిన అప్పట్లో ఒప్పుకోలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతి. బడి గేటెక్కి పడింది, మోచేతి పైన ఎముక విరిగింది. పొట్టిగా గుండ్రంగా ఉండేదని వార్డులో బుడంకాయ అని పిలిచేవాళ్ళు. దాని ఎముక సరిచేసి పెట్టిన చోట ఉండకుండా రెండుసార్లు జారింది. మూడోసారి పెద్ద డాక్టరే మత్తిచ్చి సరిచేసి, తనే దగ్గరుండి కట్టు వేయించాడు. ఆయన మంచి పనిమంతుడు, ముక్కోపి. ఆ కట్టు తను చెప్పేదాకా ఎవరూ ముట్టుకోకూడదన్నాడు. ఈసారి జారితే కోసి లోపల కమ్మీలు పెట్టాలి, కట్టు కదిపినవాళ్ళ ఉద్యోగం ఉండదు అని అందరి ముందూ చెప్పి, ఇంకో ఆపరేషను ఉందని పైకి వెళ్ళిపోయాడు.

బుడంకాయ తల్లి బట్టల ఇస్త్రీ కొట్టులో పనిచేసేది. ఒక్కతే పెంచుకుంటోంది పిల్లని. పిల్ల కొంచెం మాటకారి. బడికి వెళ్ళడం ఇష్టం లేక ఆ నెలలోనే రెండుసార్లు కడుపునొప్పి నాటకం ఆడి దొరికిపోయింది. అందుకని మధ్యాహ్నం మంచం మీద, చెయ్యి బిగిసిపోతోందమ్మా అంటే తల్లి చెవిన వేసుకోలేదు. నర్సుకి చెబితే ఆమె వేళ్ళు చూసి, ఎర్రగా వెచ్చగా ఉన్నాయి కదా పడుకో అంది. బుడంకాయ కాసేపు పడుకుంది. తరవాత లేచి, కట్టు వేసిన చేతిని రెండో చేత్తో పసిబిడ్డని మోసినట్టు మోసుకుంటూ, ఒక్కతే మెట్లు దిగి, ఎక్స్‌రే గది దాటి కట్ల గదికి వచ్చింది.

మధ్యాహ్నం మూడు దాటింది. కట్లమ్మ బకెట్టు కడుగుతోంది.

"నువ్వు చెప్పమన్నావుగా, అందుకొచ్చా" అంది బుడంకాయ.

కట్లమ్మ చేతులు తుడుచుకుని వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. గోళ్ళు నొక్కింది. తెల్లబడ్డాయి, వెంటనే ఎర్రబడ్డాయి. వేళ్ళు వెచ్చగానే ఉన్నాయి. ముసలాయన నేర్పిన లెక్క ప్రకారం అంతా బాగానే ఉంది. ఇంకొకరైతే అక్కడితో ఊరుకునేవాళ్ళు.

ఎలా ఉంది తల్లీ నొప్పి, చెప్పు అంది.

బుడంకాయ కాసేపు ఆలోచించుకుంది. "తలుపు సందులో చెయ్యి పడితే ఎలా ఉంటుంది? అలా ఉంది. కానీ ఎవరూ తలుపు తియ్యట్లేదు."

ఒక్క వేలు చాపి చూస్తాను, నొప్పి పుట్టొచ్చు, చూడనా అని అడిగింది. పిల్ల తలూపింది. మధ్య వేలు కొస పట్టుకుని, పువ్వు విప్పినంత మెల్లగా కొంచెం వెనక్కి చాపింది. పిల్ల అరవలేదు. ఊపిరి ఆగిపోయింది, కళ్ళు పెద్దవయ్యాయి, పెదవి మీద చెమట పట్టింది. కట్లమ్మ వేలు వదిలేసింది. ఇన్నేళ్ళలో ఎన్ని వందల వేళ్ళు చాపిందో. విరిగిన నొప్పి ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. ఇది అది కాదు. లోపల కండ వాచి, ఉబ్బడానికి చోటు లేక నలిగిపోతోంది.

ఈలోగా పిల్ల మంచం మీద లేదని తల్లి హడలిపోయి వెతుక్కుంటూ వచ్చింది. వచ్చీ రాగానే వీపు మీద ఒకటి వెయ్యబోయింది. కట్లమ్మ ఆ చెయ్యి పట్టుకుని పక్కకి పెట్టి, ఇది చెప్పింది నిజం, ఇక్కడే కూర్చోండి, నేనిప్పుడే వస్తానని పరుగెత్తింది.

వార్డు డ్యూటీలో ఉన్న కుర్రడాక్టరు వచ్చి చూశాడు. మంచివాడే, భయస్తుడు. రంగు బాగుంది కదమ్మా అన్నాడు. వేలు చాపి చూడండి బాబూ అంటే, చాపితే ఎముక కదులుతుందేమో అన్నాడు. పెద్ద డాక్టరు మాట కాదని కట్టు ముట్టుకుంటే తన చదువు గంగలో కలుస్తుందన్నాడు. ఆమె మూడో అంతస్తుకి మెట్లెక్కి వెళ్ళి ఆపరేషను గది తలుపు కొట్టింది. లోపలి సిస్టరు తల మాత్రం బయటపెట్టి విని, లోపలికి వెళ్ళి, కబురు పట్టుకొచ్చింది. తొడ కోసి ఉన్న మనిషిని వదిలి ఆయన గంటన్నర దాకా రాలేడు, వేళ్ళ రంగు బాగుంటే నొప్పి సూది వేసి పడుకోబెట్టండి, కట్టు ముట్టొద్దు అని.

కుర్రడాక్టరుకి ప్రాణం లేచొచ్చింది. వెంటనే సూది తెప్పించాడు.

కట్లమ్మ ఆ పళ్ళెంలో సూదిని చూసింది. సూది వేస్తే నొప్పి తెలియదు. తెలియకపోతే పిల్ల చెప్పదు. పిల్ల చెప్పకపోతే అందరికీ ప్రశాంతంగా ఉంటుంది. గంటన్నర తరవాత ఆ చెయ్యి ఎలా ఉంటుందో ఆమె ఒకసారి చూసింది.

బాబూ, మీరు ఆ సూది ఒక్క నిమిషం ఆపండి, ఈ గదిలో నిలబడకండి, మీకు తెలియకుండా జరిగిందని రాసుకోండి అంది. ఆయన కాసేపు అటూ ఇటూ చూసి, పళ్ళెం బల్ల మీద పెట్టి బయటికెళ్ళాడు. పారిపోలేదు పాపం, తలుపు దగ్గరే నిలబడ్డాడు.

ఆమె పిల్ల ముందు మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుంది.

"విను తల్లీ. ఈ కట్టు కోస్తే నొప్పి తగ్గుతుంది. కానీ ఎముక మళ్ళీ జారొచ్చు. జారితే నీకు ఆపరేషను చేస్తారు. కొయ్యకపోతే నీ వేళ్ళు పాడైపోతాయని నాకు భయంగా ఉంది. నాకైతే కొయ్యాలనుంది. నువ్వేమంటావు?"

తల్లి అడ్డం వచ్చింది. "అంత చిన్నపిల్లని అడుగుతారేంటక్కా? దానికేం తెలుసు? పెద్ద డాక్టరుగారు వద్దన్నారు కదా."

"చెయ్యి ఎలా ఉందో దానికి తెలుసమ్మా. కొయ్యాలా వద్దా అన్నది మీరు కూడా చెప్పాలి. మీ ఇద్దరూ సరే అంటేనే కోస్తాను."

"ఆపరేషను అంటే మత్తిస్తారా?" అని అడిగింది బుడంకాయ.

"ఇస్తారు. లేచాక నొప్పి ఉంటుంది. కొన్నాళ్ళు ఉంటుంది."

బుడంకాయ అమ్మ వైపు తిరిగింది. "అమ్మా, కడుపునొప్పి అబద్ధం. ఇది కాదు."

ఆ తల్లి పిల్ల వెనక్కి వెళ్ళి, రెండు భుజాలూ పట్టుకుని, కొయ్యండక్కా అంది.

రంపం వాడితే అదురుతుందని కట్లమ్మ చేతి కత్తెర తీసింది. మోచేతి కింద మెత్త పెట్టి, పిల్లని లెక్కపెట్టమని, భుజం నుంచి మణికట్టు దాకా అంగుళం అంగుళం కోసుకుంటూ వచ్చింది. పదికి ఆగింది. మళ్ళీ సరే అన్నాక మొదలుపెట్టింది. అలా ఏడు పదులు పట్టింది. పిండి కోసి ఊరుకోలేదు, లోపలి దూది, గుడ్డ కూడా చర్మం కనపడేదాకా చీల్చింది. కొందరు పైన కోసి వదిలేస్తారు, లోపలి గుడ్డే ఉరితాడై బిగుసుకుంటుంది. రెండు డిప్పలూ వేళ్ళతో పట్టి విడదీసేసరికి ఆ చెయ్యి చెక్కముక్కలా గట్టిగా, మెరుస్తూ పైకి ఉబ్బింది. బుడంకాయ పెద్దగా ఊపిరి వదిలి, తలుపు తీశారు అంది.

కోసింది సరే, ఎముక? దాన్ని కదలకుండా పట్టుకోవాలి. కట్లమ్మ రెండు డిప్పల మధ్య ఆ చేతిని తన రెండు చేతుల్లో పట్టుకుని, పెద్ద డాక్టరు ఏ వంపులో పెట్టాడో ఆ వంపులోనే ఆపి కూర్చుంది. మోకాళ్ళు నేల మీద, మోచేతులు బల్ల మీద. పావుగంటకొకసారి కుర్రడాక్టరు లోపలికొచ్చి మధ్య వేలు చాపి చూసేవాడు. ప్రతిసారీ ఇంకొంచెం చాపనిచ్చింది పిల్ల. మధ్యలో కట్లమ్మకి ముక్కు దురద పుట్టింది. రెండు చేతులూ ఖాళీ లేవు. బుడంకాయ తల్లి లేచి కొంగుతో ఆమె ముక్కు గీరింది. ఇంకొంచెం ఎడం పక్కకి అని కట్లమ్మ అంటే ముగ్గురూ నవ్వారు. చెయ్యి మాత్రం కదల్లేదు.

గంటా నలభై నిమిషాలు. పెద్ద డాక్టరు గుమ్మంలోకి రాగానే కోసిన కట్టు చూశాడు. ఎవరు కోశారని అడిగిన గొంతు వరండా చివరి దాకా వినపడింది. నేనే అంది. అప్పటికే కుర్రడాక్టరు ముందుకొచ్చి, నేను కూడా ఇక్కడే ఉన్నాను సార్ అన్నాడు. ఆయన నోటికొచ్చినట్టు తిట్టాడు. తిడుతూనే ఆ చేతిని అందుకున్నాడు. ముంజేతి మీద నొక్కి చూశాడు, వేళ్ళు చాపి చూశాడు. తిట్టడం ఎక్కడ ఆగిందో ఆయనకే తెలియదు. కాసేపటికి, వేళ్ళలో తిమ్మిరి ఉందా అని తల్లిని అడిగాడు. తల్లి, దాన్నడగండి సార్ అంది.

ఎముక జారింది. కొంచెమే, కానీ జారింది. మర్నాడు ఆపరేషను చేసి కమ్మీలు పెట్టారు. కట్లమ్మని విచారణ అయ్యేదాకా కట్ల గదిలోకి రావద్దని దుప్పట్లు మడతపెట్టే గదిలో వేశారు. మూడు వారాలు దుప్పట్లు మడతపెట్టింది. పిల్ల చెయ్యి ఎలా ఉందో తెలుసుకోవడానికి రోజూ ఉతికిన దుప్పట్లు తనే మోసుకుని ఆ వార్డుకి వెళ్ళేది. అంత శుభ్రమైన మంచాలు ఆ వార్డులో ముందూ లేవు, తరవాతా లేవు.

విచారణ సూపరింటెండెంటు గదిలో జరిగింది. పొడుగు బల్లకి అటు నలుగురు, ఇటు ఆమె ఒక్కతె. మొగుడు బయట బెంచీ మీద కూర్చుని, ఆ గదిలో గోడ గడియారం నాలుగు నిమిషాలు వెనకుందని తలుపు సందులోంచి చూసి బాధపడుతున్నాడు. ఉద్యోగం పోతే ఏం చేద్దామని అంతకు ముందు రోజు ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఏమీ తేలలేదు.

సూపరింటెండెంటు ఎవరి ఆర్డరు మీద కోశావని అడిగాడు.

"పిల్ల బిగిసిందని చెప్పిందండీ. తల్లి ఒప్పుకుంది."

ఒకాయన నవ్వాడు. ఎనిమిదేళ్ళ పిల్ల చెబితే డాక్టరు మాట పక్కన పెడతావా అన్నాడు.

"డాక్టరుగారు పైన ఉన్నారండీ. చెయ్యి పిల్ల దగ్గర ఉంది. లోపలేం జరుగుతోందో చెప్పగలిగింది అదొక్కతే. మనం అడగకపోతే ఇంకెవరు చెబుతారు?"

పెద్ద డాక్టరు అప్పటిదాకా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అలాగే చూస్తూ, ఇంకో గంట గడిస్తే ఆ చెయ్యి పనికొచ్చేది కాదు అన్నాడు. తరవాత ఇటు తిరిగి, అయినా నా మాట దాటింది, అది కూడా రాయండి అన్నాడు. రెండూ రాశారు. ఉద్యోగం ఉంచారు. మందలింపు కాగితం ఆమె ఫైల్లో పెట్టారు. ఆ కాగితం వల్ల కట్ల గది మీద పెద్ద పదవి ఆమెకి ఎప్పటికీ ఇవ్వలేదు. ఆమె దగ్గరే పని నేర్చుకున్న కుర్రాణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ రోజు ఇంటికొచ్చి చేతిలో ఉన్న గ్లాసు విసిరికొట్టింది. మర్నాడు ఎప్పటిలాగే పనికి వెళ్ళి, ఆ కుర్రాణ్ణి ఏమండీ అని పిలిచింది.

కానీ విచారణ అయిన వారంలోనే పెద్ద డాక్టరు తన చేత్తో రాసి కట్ల గది గోడకి ఒక కాగితం అంటించాడు. కట్టు బిగిసిందని పిల్ల చెబితే ముందు కట్టు చీల్చాలి, తరవాత నన్ను పిలవాలి, నొప్పి సూది ఆ తరవాతే అని. కింద సంతకం. క్షమించమని ఆయన ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు. ఆమె ఎదురుచూడనూ లేదు. ఆయన వార్డుకి వచ్చినప్పుడు, ఏరా ఎలా ఉంది అని పిల్లల్నే అడగడం అప్పటినుంచే మొదలైందని నర్సులు అనుకునేవాళ్ళు.

బుడంకాయ మోచెయ్యి పూర్తిగా చాపడం రాలేదు, కొంచెం వంపు ఉండిపోయింది. ఐదు వేళ్ళూ పనిచేశాయి. కమ్మీలు తీసేసి ఆఖరి కట్టు కోయించుకోవడానికి వచ్చినప్పుడు రంపం మీట తనే పట్టుకుంది. మధ్యలో మూడుసార్లు ఆపింది. మూడోసారి ఎందుకాపావే అంటే, ఊరికే, ఆగుతుందో లేదో చూద్దామని అంది. కట్లమ్మ సరే, చూశావుగా, ఇక పోనీమంటావా అని అడిగింది.

ఆ గదిలోనే ఇంకో పంతొమ్మిదేళ్ళు పనిచేసింది. వరసలో నిలబడ్డవాళ్ళు ఆలస్యమవుతోందని ఆఖరి రోజు దాకా గొణుగుతూనే ఉన్నారు. రిటైరయ్యాక మోకాళ్ళు పట్టేశాయి, అన్నేళ్ళు ఆ సిమెంటు నేల మీద ఆనించిన మోకాళ్ళు కదా, మందులు వాడింది, తగ్గలేదు. మొగుడు ముందు పోయాడు. తరవాత ఆమె మూడేళ్ళు ఉంది. ఒక చలికాలం జ్వరం వచ్చి ఐదు రోజులు మంచం మీద ఉంది. పోయేనాటికి ఆమెకి అరవై తొమ్మిదేళ్ళు.